ఊళ్ళో అల్లర్లు మొదలైతే మొదటి గంటలోనే ఆర్మీని దించొచ్చు కదా, ఎందుకు ఆలోచిస్తారు?

గోదారి_కుర్రాడు అడిగారు:

అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో, వాషింగ్టన్‌లో సైనికుల్ని దించిన వీడియోలు చూసిన దగ్గర్నుంచి మా బావకీ నాకూ ఒకటే వాదన. "మన దగ్గరా అలాగే చెయ్యాలి. ఎక్కడ గొడవ మొదలైనా ఊరు ఆర్మీకి అప్పగించెయ్యాలి. పోలీసులంటే ఎవడికీ భయం లేదు, పైగా నాయకుల ఫోన్లు. ఆర్మీ అయితే రెండు గంటల్లో సర్దేస్తుంది" అంటాడు ఆయన. అంత తేలిక కాదు బావా అన్నాను గానీ, ఎందుకు కాదో చెప్పమంటే నా దగ్గర సరుకు లేదు.

నా డౌట్లు ఇవీ. ఆర్మీని పిలిచేది ఎవరు? కలెక్టరా, ముఖ్యమంత్రా, ఢిల్లీయా? దిగాక ఊరంతా వాళ్ళ చేతికి పోతుందా? కాల్చమని ఎవరు చెప్పాలి? ఫ్లాగ్ మార్చ్ అని ఊరికే నడుచుకుంటూ పోతారు కదా, దానివల్ల ఒరిగేదేమిటి? సర్వీసులో చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. పార్టీల గొడవ మాత్రం ఇక్కడ వద్దు ప్లీజ్.

---

పాత_తాసిల్దారు:

నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. కాగితం సంగతి నేను చెబుతా, తుపాకీ సంగతి మన మిలిటరీ బాబాయి వచ్చి చెబుతారు.

శాంతిభద్రతలు రాష్ట్రం పని. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా మొదలయ్యేదే దానితో, రెండోది పోలీసు. కానీ ఆ మొదటి అంశంలోనే సైన్యాన్ని వాడటం ఇందులోకి రాదని మినహాయింపు పెట్టారు. 1976లో 42వ సవరణ తెచ్చినప్పుడు, పౌర అధికారులకు సాయంగా కేంద్ర బలగాల్ని పంపే విషయాన్ని 2ఏ అనే అంశంగా కేంద్ర జాబితాలో చేర్చారు. మామూలుగా జరిగేదేమిటంటే రాష్ట్రం అడుగుతుంది, కేంద్రం పంపుతుంది. అలాగని ఊరు తగలబడుతుంటే ఢిల్లీ నుంచి ఫైలు కదిలేదాకా కూర్చోనక్కర్లేదు. కలెక్టర్ దగ్గర్లోని ఆర్మీ స్టేషన్ కమాండర్‌కి నేరుగా రాయొచ్చు. ఆయన మనుషుల్ని కదిలించి పైకి సమాచారం ఇస్తాడు.

గుంపును చెదరగొట్టే సంగతి పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 129 నుంచి 132 దాకా ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో అవే 148 నుంచి 151. ముందు పోలీసులతో ప్రయత్నించాలి, వాళ్ళ వల్ల కాకపోతేనే సైన్యం. పాత చట్టం ప్రకారం అక్కడ హాజరున్న ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లలో (కోర్టు జడ్జీలు కారు, మేజిస్ట్రేట్ అధికారాలున్న రెవెన్యూ అధికారులు) పై ర్యాంకువాడు సైన్యాన్ని అడగొచ్చు. అంటే ఒక్కోసారి నాలాంటి తాసిల్దారే! కొత్త చట్టంలో దాన్ని జిల్లా మేజిస్ట్రేట్ (అంటే కలెక్టర్), లేదా ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అని మార్చారు. మంచి మార్పే అంటాను. ఆ సంతకం బరువు మండల స్థాయి ఆఫీసర్ నెత్తిన పడటం నాకెప్పుడూ సబబుగా అనిపించలేదు.

ఇంకో ముక్క. మేజిస్ట్రేట్ "ఈ గుంపును చెదరగొట్టండి" అని అడగగలడు, ఎలా చెయ్యాలో చెప్పలేడు. అది ఆర్మీ ఆఫీసర్ ఇష్టం. కానీ ఆ ఆఫీసర్ చేతులకూ అదే సెక్షన్ కట్టు వేసింది: వీలైనంత తక్కువ బలం వాడాలి, మనిషికీ ఆస్తికీ వీలైనంత తక్కువ నష్టం జరగాలి. మేజిస్ట్రేట్ ఎంతకీ దొరక్కపోతే, జనానికి ముప్పు కళ్ళెదుటే కనిపిస్తుంటే ఆఫీసర్ సొంతంగా దిగొచ్చు. మేజిస్ట్రేట్ దొరికిన క్షణం నుంచి కొనసాగించాలా ఆపాలా అన్నది మళ్ళీ ఆయన మాటే.

కాబట్టి ఊరు అప్పగించడం అనేది మన చట్టంలో లేదు. ఆర్మీ దిగినా కలెక్టర్ కలెక్టరే, ఎస్పీ ఎస్పీయే.

---

మిలిటరీ_బాబాయి:

తాసిల్దారు గారు నా పని సగం తేల్చేశారు. నేను ఇన్‌ఫాంట్రీలో జవానుగా చేరి సుబేదార్‌గా దిగాను. ఈ పనిని మేము ఐఎస్ డ్యూటీ అంటాం, ఇంటర్నల్ సెక్యూరిటీ. బోర్డర్‌కి పొమ్మంటే జోకులేసుకుంటూ ట్రక్కెక్కే కుర్రాళ్ళు, ఈ ఆర్డరు వచ్చిందంటే మాట్లాడకుండా సామాను సర్దుకుంటారు. ఎదురుగా ఉండేది శత్రువు కాదు, రేపు సెలవుకి ఇంటికెళ్తే బస్సులో పక్క సీట్లో కూర్చునేవాడు.

తమ్ముడూ, ముందు నీ ఫ్లాగ్ మార్చ్ డౌటు. ఒక కాలమ్, అంటే అలా నడిచే మా దళం, సుమారు డెబ్బై ఎనభై మంది. దానితోపాటు మేజిస్ట్రేట్, పోలీసు అధికారి, వీడియో తీసేవాడు, మైకు, బ్యూగిల్ ఊదేవాడు ఉండాలి. గుంపు దాటకూడని గీత చూపించడానికి తెల్ల టేపు, ఆ ఊరి భాషలో రాసిన బ్యానరు కూడా. మేజిస్ట్రేట్ రాలేదంటే మేమూ కదలం. ఒకసారి ఉత్తరాదిలో ఒక పట్టణంలో తెల్లారుజామునే తయారై, మేజిస్ట్రేట్ కోసం ఎండెక్కేదాకా స్కూలు గ్రౌండులో కూర్చున్నాం. వచ్చాక దారి చూపించేవాడు లేడు. మా దగ్గరున్న మ్యాపులో ఆ ఊరు ఒక చుక్క, అంతే. త్రీ టన్నర్ ట్రక్కు ఒక సందులో దూరితే పైన కరెంటు తీగలు, పక్కన అరుగులు. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. సందు చివర నిలబడ్డ పోలీసు హోంగార్డుకి మాత్రం ఆ ఊళ్ళో ఏ మేడ మీద రాళ్ళు పోగేశారో కూడా తెలుసు! నీ బావగారికి ఈ ఒక్క సంగతి చెప్పు. మాకు ఊరు తెలియదు. ఎవడు మంచివాడో, ఎవడు రౌడీయో, ఏ గుడి దగ్గర గొడవ పాతదో, ఏ మసీదు వీధిలోంచి ఊరేగింపు పోకూడదో తెలిసేది ఠాణాలో కానిస్టేబులుకే.

మరి మేమొస్తే ఎందుకు సర్దుకుంటుంది? ఊరు తెలియకపోవడమే అక్కడ పనికొస్తుంది. మాకు అక్కడ చుట్టం లేడు, కులం లేదు, ఫోను చేసే ఎమ్మెల్యే లేడు. ఆ రోజు మేము నడుస్తుంటే పై అంతస్తు కిటికీ తీసి ఒకావిడ పాలు కావాలి బాబూ, పసిపిల్ల ఉంది అని అడిగింది. పొద్దుటి నుంచి పోలీసు జీపు అదే వీధిలో నాలుగైదుసార్లు తిరిగిందట, వాళ్ళని అడగలేదు. ఆ వీధివాళ్ళకి పోలీసులు ఒక పక్షం. మేము ఏ పక్షమో ఇంకా తెలియదు. తెలియనంతసేపే మాకు విలువ.

అదే సాయంత్రం ఒక ఎస్సై వచ్చి ఫలానా ఇళ్ళల్లో సోదా చెయ్యాలి, మీవాళ్ళని పంపండి అన్నాడు. మా కంపెనీ కమాండర్ కుదరదన్నారు. బయట చుట్టూ నిలబడతాం, లోపలికి మీరే వెళ్ళండి, ఆడ పోలీసుని తీసుకెళ్ళండి అన్నారు. ఎస్సైకి కోపమొచ్చింది. నాకు అప్పుడు అర్థం కాలేదు గానీ, ఆ రాత్రి మా జవాన్లు ఒక్క ఇంటి తలుపు తన్ని ఉంటే తెల్లారేసరికి సగం ఊరికి మేమూ పోలీసులమే అయిపోయేవాళ్ళం.

ఇక కాల్పులు. గాల్లోకి కాల్చడం మాకు లేదు. పైకి పోయిన తూటా ఎక్కడో ఏ పాపం తెలియనివాడి మీద పడుతుంది. పైగా వీళ్ళు కాల్చరులే అని గుంపుకి ధైర్యమొస్తుంది. మా పద్ధతి వేరు. బ్యూగిల్ ఊదుతారు, మైకులో హెచ్చరిస్తారు, బ్యానరు విప్పుతారు. అప్పటికీ మీదికొస్తే, ఆఫీసర్ ఒక జవాను పేరు పెట్టి పిలిచి, గుంపును నడిపిస్తున్న ఒక్క మనిషిని చూపించి, ఎన్ని రౌండ్లో చెబుతాడు. నడుము కిందకి కొట్టాలి. కొట్టి ఆగాలి, ఏం జరిగిందో చూడాలి. గుంపు విరిగిందంటే అక్కడితో సరి. తర్వాత ఖాళీ తూటా గొట్టాలు ఏరి లెక్క అప్పజెప్పాలి, దెబ్బ తగిలినవాణ్ణి ఆస్పత్రికి చేర్చాలి. పోలీసుకి లాఠీ, షీల్డు, టియర్ గ్యాస్, వాటర్ క్యానన్ అని మధ్యలో నాలుగు మెట్లున్నాయి. మాకు అరుపు తర్వాత నేరుగా రైఫిలే. నేను చేరినప్పుడు చేతిలో ఉన్న ఎస్‌ఎల్‌ఆర్ తూటా 7.62 ఎంఎం, ఇటుక గోడని లెక్కచెయ్యదు. అది యుద్ధానికి చేసిన వస్తువు, మన వీధుల కోసం కాదు.

ఐఎస్ క్లాసులో మాకు మొదట చెప్పేది జలియన్‌వాలా బాగ్. 1919 ఏప్రిల్ 13. హెచ్చరిక లేదు, బయటికి పోయే దారి లేదు, 1,650 రౌండ్లు. సర్కారు లెక్కలోనే 379 మంది పోయారు. డయ్యర్ చేసిందాంట్లో ప్రతిదానికీ ఉల్టా చెయ్యి, నీ డ్యూటీ అదే అని మా ఉస్తాద్ అనేవాడు.

---

నిక్కచ్చి_నరసింహం:

బాబాయి గారంటే గౌరవమే. కానీ ఆర్మీని పిలవడానికి వెనకాడటం వల్ల పోయిన ప్రాణాల లెక్క ఎవరు చెప్పాలి?

1984లో ఇందిరాగాంధీ హత్య తర్వాత ఢిల్లీలో అధికారిక లెక్క ప్రకారమే 2,733 మందిని చంపారు. కంటోన్మెంటు ఎక్కడో లేదు, ఆ ఊళ్ళోనే ఉంది. 1992-93 ముంబయి అల్లర్లలో సుమారు 900 మంది పోయారు. సైన్యాన్ని గట్టిగా వాడే ఆదేశాలివ్వడానికి జనవరి 8 నుంచి 12 దాకా నాలుగు విలువైన రోజులు ముఖ్యమంత్రి ఆలోచనల్లోనే గడిచిపోయాయని ఆ అల్లర్ల మీద విచారణ చేసిన శ్రీకృష్ణ కమిషన్ రాసింది. 2002 గుజరాత్ అల్లర్లప్పుడు అహ్మదాబాద్‌కి బలగాలు తీసుకెళ్ళిన లెఫ్టినెంట్ జనరల్ జమీరుద్దీన్ షా, మార్చి 1 ఉదయానికే దిగినా వాహనాలు అందక ఎయిర్‌ఫీల్డులోనే ఒక రోజు పోయిందని తర్వాత స్వయంగా చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) మాత్రం ఆలస్యం జరగలేదంది, ఆ సంగతీ చెప్పాలి కాబట్టి చెబుతున్నా.

ఇవన్నీ చూశాక గోదారి కుర్రాడి బావ తప్పు మాట్లాడాడని నేను అనలేను. పోలీసు ఒక పక్షం అయిపోయిన ఊళ్ళో, చచ్చేవాడికి ఆర్మీ తప్ప దిక్కెవరు?

---

మిలిటరీ_బాబాయి:

నరసింహం గారూ, మీరు చెప్పిన మూడింట్లో ఒక్కదాన్నీ నేను కాదనను. పోలీసు చేతులు ముడుచుకున్న రోజు పిలవాల్సిందే, ఆ పూటే పిలవాలి. పిలవడంలో ఆలస్యమైతే పోయేవి ప్రాణాలు. నా గొడవ పిలిచాక ఏం చేయిస్తారు, ఎప్పుడు పంపిస్తారు అన్న దగ్గర.

మీరు చెప్పిన ముంబయే చూడండి. సైన్యం ఊళ్ళో లేక కాదు, ఉంది. ఫ్లాగ్ మార్చ్‌లు చేస్తూ ఉంది. పని చెప్పే సంతకం లేకుండా రోజూ అదే రోడ్డు మీద నడిపిస్తే, మొదటి రోజు తలుపులేసుకున్నవాడు మూడో రోజు గుమ్మంలో నిలబడి చూస్తాడు. రోజూ అరిచే నాన్న మాట ఏ పిల్లాడూ వినడు కదా, ఇదీ అంతే.

2016 ఫిబ్రవరిలో హర్యానా జాట్ ఆందోళన గుర్తుందా? రోడ్లన్నీ మూసేస్తే ఆర్మీని హెలికాప్టర్లలో రోహ్‌తక్‌లో దించారు. దిగినవాళ్ళు ఆర్మీ అని రాసిన బోర్డులు పట్టుకుని నడవాల్సొచ్చింది. ఎందుకంటే అప్పటికే రాష్ట్ర పోలీసులూ పారామిలిటరీవాళ్ళూ కూడా అవే మచ్చల యూనిఫాంలు వేసుకుని తిరుగుతున్నారు, జనానికి తేడా తెలియడం లేదు. ఆ ఫోటో చూసినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. మేము ఎవరమో బోర్డు పెట్టి చెప్పుకోవాలా! 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ గొడవలప్పుడు కూడా ఆర్మీ ఇదే విషయం మీద అభ్యంతరం చెప్పింది, శాంతిభద్రతల డ్యూటీలో పోలీసులు మా తరహా డ్రెస్సు వేసుకోకుండా చూడండి అని.

అసలు మమ్మల్ని ఊరికూరికే పిలవకుండా ఉండటానికే సీఆర్‌పీఎఫ్‌లో ఆర్‌ఏఎఫ్ (ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్) పెట్టారు. నీలం డ్రెస్సు వాళ్ళు. 1992 అక్టోబరు నుంచి పనిలో ఉన్నారు. గుంపుల్ని చూసుకోవడమే వాళ్ళ చదువు. 99వ బెటాలియన్ మన హైదరాబాద్‌లోనే ఉంది. పోలీసు, తర్వాత వాళ్ళు, ఆ తర్వాతే మేము.

---

సిలికాన్_సుబ్బారావు:

కాలిఫోర్నియా నుంచి. ప్రశ్న అమెరికా వీడియోలతో మొదలైంది కాబట్టి ఇక్కడి సంగతి కాస్త చెబుతా.

ఇక్కడ ప్రతి రాష్ట్రానికీ నేషనల్ గార్డ్ అని సొంత బలగం ఉంటుంది, మామూలుగా గవర్నర్ మాట వింటుంది. వరదలొచ్చినా కార్చిచ్చు వచ్చినా ముందు కనిపించేది వాళ్ళే. 2025 జూన్‌లో వలసల శాఖ అధికారుల దాడుల మీద నిరసనలు జరిగినప్పుడు, గవర్నర్ న్యూసమ్ వద్దంటున్నా అధ్యక్షుడు ట్రంప్ సుమారు 4,000 మంది గార్డ్‌ని కేంద్రం కిందికి తీసుకుని లాస్ ఏంజెలెస్‌కి పంపారు. దానికి తోడు 700 మంది మెరైన్లు. గవర్నర్ అడక్కుండా అలా చెయ్యడం 1965లో సెల్మాలో నల్లజాతివాళ్ళ ఓటు హక్కు ఊరేగింపు తర్వాత అదే మొదలు. అప్పుడు అధ్యక్షుడు జాన్సన్ పంపింది నిరసనకారుల్ని కాపాడటానికి, అది మర్చిపోకూడదు.

ఇక్కడ 1878 నాటి పోసీ కామిటాటస్ చట్టం ప్రకారం కేంద్ర సైన్యం పోలీసు పని చెయ్యకూడదు. 1807 నాటి ఇన్‌సరెక్షన్ చట్టం దానికి మినహాయింపు. దాన్ని చివరిసారి వాడింది 1992 లాస్ ఏంజెలెస్ అల్లర్లకి, అదీ గవర్నర్ అడిగితే. 2025లో దాన్ని వాడకుండానే దించారు. సెప్టెంబరు 2న ఫెడరల్ జడ్జి చార్లెస్ బ్రేయర్ అది 1878 చట్టానికి విరుద్ధమని తీర్పిచ్చారు. వాషింగ్టన్ డీసీ లెక్క వేరు. అది రాష్ట్రం కాదు, గవర్నర్ లేడు, అక్కడి గార్డ్ నేరుగా అధ్యక్షుడి చేతిలో ఉంటుంది.

మీ బావగారు చూసిన వీడియోల్లో వాళ్ళు చాలాసేపు చేసింది ప్రభుత్వ భవనాల ముందు నిలబడటమే. చేతిలో తుపాకీ ఉన్నవాడికి గుంపులతో అనుభవం లేకపోతే ఏమవుతుందో ఇక్కడివాళ్ళకి 1970 మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో తెలిసింది. ఒహాయో గార్డ్ కాల్పులు జరిపింది 13 సెకన్లు. నలుగురు విద్యార్థులు పోయారు. అందులో ఇద్దరు నిరసనలో లేనే లేరు, క్లాసుకి పోతున్నారు.

---

గోదారి_కుర్రాడు:

అందరికీ థాంక్స్. బావకి ఈ లింకు పంపాను, "సరే, మరి మణిపూర్‌లో, నాగాలాండ్‌లో ఏళ్ళ తరబడి ఆర్మీ ఉంది కదా, అక్కడ మేజిస్ట్రేట్ సంతకం ఉంటుందా?" అని అడిగాడు. నాకూ అదే డౌటు వచ్చింది. బాబాయ్, మీరు అటు చేశారా?

---

మిలిటరీ_బాబాయి:

చేశాను. అది వేరే చట్టం, అఫ్‌స్పా, అంటే సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం, 1958ది. దాని మూలం 1942 ఆగస్టులో క్విట్ ఇండియాని అణచడానికి తెల్లవాడు తెచ్చిన ఆర్డినెన్సు. కల్లోలిత ప్రాంతం అని ప్రకటించిన చోట మేజిస్ట్రేట్ అక్కర్లేదు. ఆఫీసరే కానక్కర్లేదు, జేసీవో (నాలా సుబేదార్ లాంటివాడు), హవల్దారు స్థాయివాడు కూడా హెచ్చరించి కాల్పులకి ఆర్డరివ్వొచ్చు. వారంటు లేకుండా పట్టుకోవచ్చు, తలుపు పగలగొట్టి వెతకొచ్చు. పట్టుకున్నవాణ్ణి ఆలస్యం లేకుండా ఠాణాకి అప్పగించాలి. మా మీద కేసు నడపాలంటే కేంద్రం అనుమతి కావాలి.

ఆ చట్టం కింద పనిచేసినవాణ్ణి కాబట్టి దాన్ని తిట్టి చప్పట్లు కొట్టించుకోను. అడవిలో ఏకే 47 పట్టుకున్నవాడు ఎదురైనప్పుడు మేజిస్ట్రేట్‌ని ఎక్కడ వెతుకుతాం? కానీ అదే చట్టం ఊళ్ళో, బజార్లో ఏళ్ళ తరబడి ఉంటే ఏమవుతుందో కూడా చూశాను. మేము వెళ్తుంటే పిల్లలు చెయ్యి ఊపరు. దుకాణంవాడు డబ్బులు తీసుకుంటాడు, మొహం ఎత్తడు. 2004 జూలైలో అస్సాం రైఫిల్స్ పట్టుకెళ్ళిన తంగ్జం మనోరమ అనే యువతి చనిపోయాక ఇంఫాల్ ఎంత మండిందంటే, ఆగస్టులో ఇంఫాల్ మున్సిపల్ ప్రాంతం మీద ఆ చట్టాన్ని ఎత్తేశారు. ఊరు నెత్తిన ఆ చట్టం పనికిరాదని సర్కారుకే తెలిసిందన్నమాట. 2016లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, కల్లోలిత ప్రాంతమైనా హద్దు మీరి బలం వాడితే విచారణ తప్పదని. 2021 డిసెంబరు 4న నాగాలాండ్‌లో ఓటింగ్ అనే ఊరి దగ్గర బొగ్గు గని నుంచి ఇళ్ళకి పోతున్న కూలీల బండిని ఉగ్రవాదులదనుకుని కాల్చారు, ఆరుగురు పోయారు. ఆ తర్వాతి గొడవల్లో ఇంకొందరు, ఒక జవాను కూడా. యూనిఫాం వేసుకున్న ప్రతివాడికీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎక్కువ కాలం ఉంటే ఏమవుతుందో అన్నదానికి విదేశీ ఉదాహరణ కూడా ఒకటుంది. 1969లో ఉత్తర ఐర్లాండ్‌లో బ్రిటిష్ సైన్యం దిగినప్పుడు కాథలిక్ వాడలవాళ్ళు టీలిచ్చి కూర్చోబెట్టారు, పోలీసుల నుంచి కాపాడతారని. 1972 జనవరి 30న డెర్రీలో అదే సైన్యం 13 మంది నిరాయుధుల్ని కాల్చి చంపింది. ఆ డ్యూటీ ముగిసింది 2007లో.

---

పాత_తాసిల్దారు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, మన తెలంగాణ సంగతి ఎవరూ ఎత్తలేదే! 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయిందని దండలేసిన ఊళ్ళున్నాయి. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి 1949 చివరిదాకా మిలిటరీ గవర్నర్. నిజాం పోయినా సైన్యం పోలేదు. కమ్యూనిస్టుల కోసం అదే ఊళ్ళల్లో పోరాట విరమణ దాకా, అంటే 1951 అక్టోబరు దాకా తిరిగింది. నేను నల్గొండ వైపు పనిచేసినప్పుడు పాత రైతులు ఈ రెండూ ఒకే ఊపిరిలో చెప్పేవాళ్ళు. మొదటి సైన్యానికి బువ్వ పెట్టామనేవాళ్ళు, రెండోదానికి భయపడి జొన్న చేలో పడుకున్నామనేవాళ్ళు. రెండూ ఒకటే సైన్యం.

---

గోదారి_కుర్రాడు:

తాసిల్దారు గారూ, ఈ సంగతి మా తాతయ్య కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆఖరి ప్రశ్న బాబాయ్. మా చెల్లి చదువుకోసం ఉత్తరాదిలో ఉంది. ఎప్పుడైనా వాళ్ళ ఏరియాలో కర్ఫ్యూ పెట్టి ఆర్మీ దిగితే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు? అమ్మకి టెన్షన్ ఎక్కువ.

---

మిలిటరీ_బాబాయి:

అమ్మగారికి చెప్పు, ఆర్మీ దిగిందంటే చాలాసార్లు గొడవ సగం చల్లబడినట్టే.

పాపకి చెప్పాల్సినవి ఇవీ. కాలమ్ నడుస్తుంటే మేడెక్కి వీడియో తియ్యొద్దు. మావాళ్ళు ముందు చూసేది మేడలే, రాళ్ళు అక్కడి నుంచే వస్తాయి. చేతిలో ఉన్నది ఫోనో ఇంకోటో కింద నుంచి తెలియదు. కిటికీలోంచి చూస్తే లైటు ఆర్పకుండా చూడమను, చీకట్లో కదిలే తల మంచిది కాదు. తప్పనిసరై రోడ్డు మీద ఉంటే పరిగెత్తొద్దు. నిలబడి రెండు చేతులూ కనపడేలా పెట్టి, హిందీ రాకపోతే తెలుగులోనే గట్టిగా మాట్లాడమను. మా పల్టన్లలో తెలుగువాడు లేని చోటు తక్కువ! బ్యూగిల్ వినపడితే ఎవరి గొడవైనా సరే అక్కడి నుంచి పక్క సందులోకి తప్పుకోవాలి, ఏం జరుగుతుందో చూద్దామని ఆగకూడదు. కాలేజీ ఐడీ, హాస్టల్ అడ్రసు రాసిన కాగితం జేబులో ఉండాలి, నెట్ ఆపేస్తే ఫోన్లో ఉన్నవి తెరుచుకోవు. మందులూ తాగే నీళ్ళూ మొదటి సడలింపులోనే తెచ్చుకోమను, రెండో సడలింపు ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు.

ఇంకొకటి, కర్ఫ్యూ పాసు కోసం మావాళ్ళని బతిమాలొద్దు. మేమివ్వం, ఇవ్వలేం. దానికి కలెక్టర్ ఆఫీసుకో ఠాణాకో ఫోను చెయ్యాలి.